పస్తు మడి

నల్లమడుగుపాలెం మొక్కజొన్న పరిశోధనా కేంద్రానికి కొత్తగా వచ్చిన పర్యవేక్షణాధికారి చక్రధరరావుగారు అంతకుముందు ఉద్యోగమంతా వసతిగృహాల శాఖలో చేశారు. అక్కడ ఆయనకు మంచి పేరు. హాస్టలుకు చెప్పాపెట్టకుండా వెళ్ళేవారు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి, బక్కగా ఉన్నవాడి ముందు ఆగి, "నీకు గుడ్డు పెట్టారా?" అని అడిగేవారు. వాడు అడ్డంగా తలూపాడంటే సాయంత్రానికల్లా ఆ వార్డెను ఇంకో జిల్లాకు పెట్టె సర్దుకునేవాడు. ఆయన పుణ్యాన చాలామంది పిల్లలు కడుపునిండా తిన్నారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. అంత మంచి మనిషిని తీసుకొచ్చి మొక్కజొన్న మీద ఎందుకు వేశారో పైవాళ్ళకే తెలియాలి.

ఆ కేంద్రంలో శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతి. ఆవిడ వేసిన ప్రయోగం వినడానికి చాలా సాదాగా ఉంటుంది. నాలుగు రకాల మొక్కజొన్న. ఒక్కో రకానికి నాలుగు మోతాదుల నత్రజని. అంటే కొన్ని మళ్ళకు యూరియా దండిగా వేస్తారు, కొన్నిటికి మధ్యస్థంగా, కొన్నిటికి కొద్దిగా, కొన్నిటికి ఒక్క పలుకు కూడా వేయరు. ఆ వేయనివాటిని సున్నా మళ్ళంటారు. నేల తనంతట తాను ఎంత పండిస్తుందో చెప్పేది సున్నా మడి ఒక్కటే. దాని పక్కన పెట్టి చూస్తేనే యూరియా ఎంత పండించిందో, ఏ రకం ఎంతదాకా తిని ఎక్కడ చాలిస్తుందో తెలిసేది. అనుమానం లేకుండా ఒక్కోటీ మూడేసి చోట్ల వేస్తారు కాబట్టి మొత్తం సున్నా మళ్ళు పన్నెండు. ఏ మడి ఎక్కడ రావాలో చీటీలు తీసి తేలుస్తారు. ఆ చీటీల్లో ఒక సున్నా మడి వచ్చి సరిగ్గా రోడ్డు వారన, జీపులు ఆగేచోట పడింది. అంతకంటే దురదృష్టం ఇంకోటి లేదని అప్పటికి ఇందుమతికి తెలియదు.

అది ప్రయోగానికి మూడో ఏడు, ఆఖరి ఏడు. మూడు పంటల లెక్కలు కలిస్తే గాని రైతుకు ఫలానాది వెయ్యమని చెప్పే అధికారం కేంద్రానికి లేదు. ఆ మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో అందరికంటే ఎక్కువ తొందర ఏడుకొండలుది. కేంద్రం కంచెకు అవతల కౌలుకు చేస్తున్న రైతు. పోయినేడు ఎకరాకు ఏడు కట్టలు, అంటే ఏడు బస్తాల యూరియా గుమ్మరించాడు. చేను నల్లగా నిగనిగలాడుతూ మనిషెత్తు దాటి పెరిగింది. ఊళ్ళోవాళ్ళొచ్చి చూసి పొగిడి వెళ్ళారు. కండె గింజ పోసుకుంటుండగా ఒక సాయంత్రం గాలొచ్చింది, చేనంతా చాప పరిచినట్టు పడుకుంది. అప్పటినుంచి అతను ఇందుమతి కనబడితే చాలు, కంచె దగ్గరికొచ్చి అదే మాట.

"ఈసారన్నా చెప్తారా అమ్మా? ఏ ఇత్తనం ఎయ్యాలి, ఎన్ని కట్టలెయ్యాలి?"

"ఈ పంట కోశాక చెప్తాను ఏడుకొండలు గారూ. ఈసారి ఖాయం."

"మళ్ళీ ఏడు కట్టలేసి పడగొట్టుకున్నానంటే నాకు కౌలు ఎవడూ ఇవ్వడమ్మా."

"ఖాయమన్నాను కదండీ" అనేది ఇందుమతి. ఖాయమనే అనుకుంది కూడా.

చక్రధరరావుగారు తొలిసారి పొలానికొచ్చినరోజు జీపు దిగి కాలు కింద పెట్టగానే ఎదురైంది ఆ రోడ్డు వార మడే. పక్క మడిలో మొక్కలు నడుమెత్తు పెరిగి ఊగుతున్నాయి. సున్నా మడిలోవి మోకాలు దాటలేదు. కింది ఆకులు కొసనుంచి ఈనె వెంబడి లోపలికి పసుపుబారి ఉన్నాయి. ఆయన అడుగు ముందుకు పడలేదు.

"దీనికి పెట్టారా?" అన్నారు.

"ఏమిటండీ?" అంది ఇందుమతి.

"యూరియా."

"లేదండీ. దీనికి పెట్టకూడదండీ. ఇది సున్నా మడి."

"దీని వాటా ఎవరు తిన్నారు?"

వెనకాల నిలబడ్డ ఫారం మేనేజరు సూర్యప్రకాశం ఉలిక్కిపడ్డాడు. స్టోరు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. "దీనికి వాటా లేదండీ, సున్నా అండీ" అని నీళ్ళు నమిలాడు.

"వాటా లేకుండా ఎలా చేశారనే నేను అడుగుతున్నది" అన్నారు చక్రధరరావుగారు.

ఇందుమతి మొదటినుంచీ విడమరిచి చెప్పింది. ఆయన ఎంతో ఓపిగ్గా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, "అర్థమైందమ్మా. పక్కవాడు ఎంత పుష్టిగా ఉన్నాడో తెలుసుకోవడానికి వీణ్ణి పస్తు పెడుతున్నారు. అంతే కదా?" అన్నారు.

ప్రయోగ పద్ధతుల మీద ఇందుమతి చదివిన లావుపాటి పుస్తకాల్లో కూడా అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

"పోనీ, పస్తు పెట్టేదాన్ని తీసుకొచ్చి నలుగురూ చూసేచోట పెట్టడమేమిటి?"

"చీటీల్లో అలా పడిందండీ."

"అయితే చీటీలు మళ్ళీ వేయండి. బాగా వచ్చేదాకా వేయండి."

"మొలిచిపోయాయి కదండీ" అంది ఇందుమతి.

అదీ నిజమేనని ఆయన ఒప్పుకున్నారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఈ కేంద్రము నందలి పన్నెండు మళ్ళు పోషకాహారమునకు నోచుకొనక క్షీణించియుండుట క్రింద సంతకము చేసినవారి దృష్టికి వచ్చినది. సాటి మళ్ళ కన్నుల యెదుట ఒక మడిని పస్తుంచుట సహింపరానిది. ఇందుమూలముగా 'పస్తులేని పొలం' కార్యక్రమము తక్షణము అమలు చేయవలెనని ఆదేశించడమైనది."

కార్యక్రమం అమల్లోకి వచ్చింది. ప్రతి మడి ముందూ 'నేటి ఆహారం' అని బోర్డు పెట్టారు. పెద్ద మోతాదు మళ్ళ ముందు రోజూ 'యూరియా' అని రాసేవారు, నిజానికి వేసేది పంట మొత్తానికి మూడుసార్లే అయినా. సున్నా మళ్ళ ముందు ఏం రాయాలో తెలియక సూర్యప్రకాశం 'నీరు' అని రాశాడు. బోర్డు చూసి చక్రధరరావుగారు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

హాస్టలు పిల్లల్ని తూచినట్టే శనివారం శనివారం మొక్కల్ని తూయాలన్నారు. నేలలో ఉన్న మొక్కను ఎలా తూచాలని సూర్యప్రకాశం వినయంగా రాసి అడిగాడు. "మొక్కకు ఎట్టి శ్రమయు కలుగకుండ తూచవలెను" అని జవాబు వచ్చింది. అతను గట్టు మీది మొక్కనొకదాన్ని మట్టితో సహా జాగ్రత్తగా పెకలించి, తూచి, మళ్ళీ నాటి, నీళ్ళు పోశాడు. అది రెండురోజుల్లో వాడి చచ్చిపోయింది. సంరక్షణలో ఉండగా మొక్క మరణించినందుకు సంజాయిషీ ఇమ్మని అతనికి మెమో వచ్చింది. ఆ తర్వాత శనివారం నుంచి అతను పోయిన వారం బరువుకు కొంచెం కలిపి రాసుకుంటూ పోయాడు, మొక్కలన్నీ క్షేమంగా ఉన్నాయి.

హాస్టళ్ళలో తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది కదా, మళ్ళకు మాత్రం ఎందుకుండకూడదన్నారు. చుట్టుపక్కల రైతుల్ని పిలిచి తలో మడికి సంరక్షకుల్ని చేశారు. రోడ్డు వార సున్నా మడి ఏడుకొండలు పాలబడింది. వారం వారం వచ్చి మడి యోగక్షేమాలు చూసి సంతకం పెట్టాలి.

"మా పిల్లోడు బళ్ళో చదివినన్నాళ్ళూ ఒక్క సంతకం పెట్టలేదమ్మా నేను" అన్నాడతను ఇందుమతితో, పసుపుబారిన ఆకుల వంక చూస్తూ. "రోజూ చూస్తుంటే నాకే ఎట్నో ఉంది. ఎవురూ లేనప్పుడొచ్చి నాలుగు గుప్పిళ్ళు చల్లనా?"

ఇందుమతి గబుక్కున అడ్డుపడింది. "చల్లారంటే మీకు చెప్తానన్న మాట చెప్పలేనండీ. మీ చేన్లో ఎన్ని కట్టలెయ్యాలో ఈ మడే చెప్పాలి."

"ఇదా?" అన్నాడు ఏడుకొండలు. ఆ బక్క మొక్కల మీద అతనికి ఏమాత్రం నమ్మకం కుదిరినట్టు లేదు. కానీ చల్లనని మాటిచ్చాడు.

ఏడుకొండలు దగ్గర మాట తీసుకోవడం తేలిక. చక్రధరరావుగారి ఉత్తర్వు దగ్గరే చిక్కొచ్చింది. సోమవారంలోగా సున్నా మళ్ళన్నిటికీ యూరియా వేసి, వేసినట్టు ఫొటోలతో నివేదించాలని రెండో ఉత్తర్వు దిగింది. వేశారంటే సున్నా మళ్ళు ఉండవు. సున్నా మళ్ళు లేకపోతే మూడో ఏటి లెక్కలుండవు, మూడోది లేని మొదటి రెండేళ్ళూ గంగలో కలిసినట్టే. ఇందుమతికి ఏడుపొచ్చింది. ఏడ్చే తీరిక లేక ఆయన గదికి వెళ్ళింది.

"సార్, ఇది ప్రయోగం మొత్తానికి ప్రాణమండీ. ఇవి లేకపోతే—"

ఆయన చెయ్యెత్తి ఆపారు. కోపంగా కాదు, కన్నతండ్రిలా. "అమ్మా, నా మాట విను. నేను ఎన్నో హాస్టళ్ళు చూశాను. పెట్టకపోవడానికి ప్రతి వార్డెను దగ్గరా ఒక కారణం ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. రూలు అడ్డొస్తే చెప్పు, ఆగుతాను. సైన్సు అడ్డొస్తోందని మాత్రం చెప్పకు."

ఇందుమతి కాళ్ళీడ్చుకుంటూ స్టోరుకు వెళ్ళింది. సూర్యప్రకాశం యూరియా బస్తాల మధ్య దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఇవ్వమంటున్నారు గదా మేడమ్, ఏ పద్దు కింద ఇవ్వను?" అన్నాడు. "ప్రతి మడికీ ఇంత అని ముందే మంజూరై ఉంటుంది. మంజూరైనదానికి మించి పలుకు ఇచ్చినా రేపు ఆడిట్‌లో నా జీతంలోంచి కోస్తారు. పెంచుకోవాలంటే పది శాతం దాకా సారు సంతకం చాలు. అంతకు మించితే రాజధానికి రాయాలి. అక్కణ్ణించి జవాబొచ్చేసరికి కండెలు కోసి, ఒలిచి, అమ్మేసుంటాం."

"పది శాతం దాకా సారు సంతకం చాలా?"

"చాలండీ. ఎప్పుడూ ఇస్తుంటాం కూడాను."

"దేని మీద పది శాతం?"

"మంజూరైన మోతాదు మీదండీ."

ఇందుమతి అతని వంక చూసింది. అతను ఇందుమతి వంక చూశాడు. కాసేపటికి అతని పెదవి ఒకవైపు కదిలింది, వెంటనే ఉద్యోగం గుర్తొచ్చి మానేసింది. ఆవిడ మాత్రం కాయితం అందుకునేలోపే నవ్వేసింది. పొలానికి జీపు వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు.

దరఖాస్తు ముచ్చటగా రాసింది. "తమరి ఆదేశానుసారము పన్నెండు సున్నా మళ్ళకును ప్రస్తుతము మంజూరైయున్న యూరియా మోతాదుపై నిబంధనలకు లోబడి గరిష్ఠముగా పది శాతము పెంపు మంజూరు చేయ ప్రార్థన." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

చక్రధరరావుగారు చదివి చాలా సంతోషించారు. "చూశావా, మనసుంటే ఎలాగైనా పెట్టొచ్చు" అంటూ కలం తీశారు. సంతకం పెట్టబోయి ఆగారు. "పదే ఎందుకు? ఇరవై చేద్దాం."

కాయితం రాజధానికి వెళ్ళిందంటే అక్కడ ఎవరో ఒకరు లెక్కకట్టి చూస్తారని ఇందుమతి భయం. "ఇరవైకి రాజధాని అనుమతి కావాలండీ. రూలు."

"రూలైతే సరే. పది ఇప్పుడు, పక్షం పోయాక ఇంకో పది. ఇలా మూడుసార్లు ఇద్దాం. పాపం, ఒకేసారి పెడితే అరగదు కూడా."

"అదే మంచిదండీ" అంది ఇందుమతి. మోతాదును విడతలుగా ఇవ్వాలన్న మాట శాస్త్రరీత్యా నూటికి నూరుపాళ్ళు సరైనది.

సోమవారం పొద్దున్నే రోడ్డు వార మడి దగ్గర షామియానా వేశారు. పైన 'పస్తులేని పొలం' అని బ్యానరు కట్టారు. సంరక్షకుడి హోదాలో ఏడుకొండలు ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. జిల్లా పత్రికల వాళ్ళకు ఉప్మా పెట్టారు. సూర్యప్రకాశం తూకం యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, మంజూరు ఉత్తర్వు చదివి, దాని ప్రకారం తూచి, పన్నెండు ఇత్తడి పళ్ళేల్లో సర్ది, వాటి మీద పసుపుగుడ్డ కప్పాడు. ఇంత నిష్ఠగా అతను ఎప్పుడూ ఏదీ తూచలేదు.

చక్రధరరావుగారు మొదటి పళ్ళెం అందుకుని గుడ్డ తీశారు.

పళ్ళెంలోకి చూశారు. ఉత్తర్వు వైపు చూశారు. ఉత్తర్వు కింద తన సంతకం వైపు చూశారు. ఫొటోలు తీసేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని సిద్ధంగా ఉన్నారు. ఇందుమతి మూడేళ్ళ పంట, కంచె దగ్గర చెప్పిన ఖాయం, అన్నీ ఆ ఖాళీ పళ్ళెంలోనే ఉన్నాయి.

"ఇది... మొత్తం ఉందా?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"మంజూరైనదంతా ఉందండీ" అన్నాడు సూర్యప్రకాశం. "పలుకు తగ్గలేదు."

"తూచావా?"

"రెండుసార్లు తూచానండీ."

"పన్నెండిటికీ సమానంగా ఇచ్చావా?"

"వీసమెత్తు తేడా లేదండీ."

"మధ్యలో ఎవరూ తినలేదు కదా?"

"తినడానికి అవకాశమే లేదండీ."

చక్రధరరావుగారి ముఖం నెమ్మదిగా తేటపడింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆయన గుడ్ల కోసం, పాల కోసం, పప్పు కోసం పోరాడుతూనే ఉన్నారు. మంజూరైంది మంజూరైనట్టు, మధ్యలో ఏ చెయ్యీ పడకుండా, చివరి లబ్ధిదారు దాకా చేరిన పథకం ఆయన కళ్ళతో చూడటం ఇదే మొదలు. ఆయన పిడికిలి పళ్ళెంలో ముంచి, నిండుగా తీసి, మొక్కల మొదళ్ళలో ఎంతో ఆప్యాయంగా చల్లారు. కెమెరాలు మెరిశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు సంగతి అర్థమైందా లేదా అన్నది ఇందుమతికి ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఆవిడకు లేదు.

ఏడుకొండలు మెడ సాచి మడిలోకి చూశాడు. ఇందుమతి దగ్గరకు జరిగి, "ఏమేశారమ్మా?" అన్నాడు రహస్యంగా.

"మీకు మాటిచ్చినట్టే వేశామండీ" అంది ఆవిడ. అతనికి తలా తోకా అర్థంకాలేదు. అయినా సంరక్షకుడు కాబట్టి సంతకం పెట్టాడు.

పక్షం తర్వాత ఇంకో పది శాతం పెంచారు. మొక్కల కొసన మగపూత, అంటే జల్లు, వచ్చేవేళకు ఇంకో పది. బోర్డు మీద 'నేటి ఆహారం: మూడవ విడత పెంపు' అని రాశారు. సున్నా మళ్ళు ఆ పెంపులన్నీ పుచ్చుకుని ఎప్పటిలాగే పసుపుపచ్చగా నిలబడ్డాయి. కోతకు వచ్చాక చూస్తే చిన్న చిన్న కండెలు, కొసల్లో గింజే కట్టలేదు. చక్రధరరావుగారు ఒక కండె చేతిలోకి తీసుకుని నిట్టూర్చారు.

"కొందరు పిల్లలంతేనమ్మా. ఎంత పెట్టినా ఒళ్ళు చేయరు. మన లోపం లేకుండా మనం పెట్టాం."

"పెట్టామండీ" అంది ఇందుమతి.

ఆ కండెల్ని ఆవిడ బంగారం తూచినట్టు తూయించింది. మూడేళ్ళ లెక్కలూ ఒకదానికొకటి అతికినట్టు కలిశాయి. సాయంత్రం కంచె దగ్గరికి తనే నడుచుకుంటూ వెళ్ళి ఏడుకొండల్ని పిలిచింది. ఆవిడకు ఎంత సంతోషంగా ఉందంటే, నడుస్తున్నానో పరిగెడుతున్నానో చూసుకోలేదు.

"మీ నేలకు పొట్టి రకం వెయ్యండి. ఎకరాకు మూడు కట్టలు, మూడు విడతలుగా. పొడుగు రకమైతే నాలుగుదాకా తీసుకుంటుంది, మూడు వేస్తే దానికి చాలదు. కానీ మీ చేను గాలికి ఎదురుగా ఉంది, పొట్టిదే నయం. మూడు దాటి వేసిందంతా ఆకు పెంచుకోవడానికీ, గాలికి పడటానికే."

"మూడా?" ఏడుకొండలు నోరెళ్ళబెట్టాడు. "ఏడేసేవోణ్ణి మూడెయ్యమంటే ఊళ్ళోవాళ్ళు పిచ్చోడనుకుంటారమ్మా."

"అనుకోనివ్వండి."

"వాళ్ళ సంగతి సరే. నాకూ నమ్మకం చాలటం లేదే" అన్నాడు మొహమాటంగా.

ఇందుమతి ఏమీ అనుకోలేదు. తను కూడా మూడేళ్ళు చూసిన తర్వాతే నమ్మింది.

మళ్ళీ విత్తనాలు పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం స్కూటీ మీద కేంద్రానికి వస్తుంటే ఏడుకొండలు చేను ముందు జీపు ఆగి కనబడింది. ఇందుమతి కూడా ఆగింది. రోడ్డు వారగా చేన్లో మంచమంత వెడల్పున ఒక చాళ్ళ పట్టీ పసుపుబారి, మోకాలెత్తున ఉంది. దాని పక్కన మిగతా చేనంతా పొట్టి రకం, గట్టి మొదళ్ళతో నిటారుగా పచ్చగా నిలబడి ఉంది. పట్టీ మొదట్లో ఒక కర్ర పాతి, దానికి అట్టముక్క కట్టి సున్నా చుట్టాడు. చక్రధరరావుగారు ఆ కర్ర ముందు నిలబడి ఉన్నారు. ఏడుకొండలు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దీనికి పెట్టావా?" అని అడుగుతున్నారాయన.

"పెట్టానయ్యా" అన్నాడు ఏడుకొండలు తొణక్కుండా. "పోయిన వారమే పది శాతం పెంచాను."

"మధ్యలో ఎవరూ తినలేదు కదా?"

"ఎవురు తింటారయ్యా, నా చేత్తో నేనే చల్లితేను."

చక్రధరరావుగారు అతని భుజం తట్టారు. ఇలాంటి రైతు ఊరికొకడుంటే చాలని డ్రైవరుతో అంటూ జీపెక్కారు. జీపు మలుపు తిరిగేదాకా ఏడుకొండలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఇందుమతిని చూసి నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ముఖం గంభీరంగా పెట్టాడు.

"అమ్మా, పక్షం పోయాక ఇంకో పది పెంచమన్నారు సారు. పెంచనా?"

"పెంచండి ఏడుకొండలు గారూ" అంది ఇందుమతి. "పంట కోసేదాకా పెంచుతూనే ఉండండి."